గద్వాల చీరల కొట్టులో వెనిస్ మహారాణి: పాలమూరులో తీయించిన కాన్వాస్ ప్రింటు ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రింటు బాగుంది, డబ్బు పెట్టొచ్చు, కానీ షాపులో పక్కన నిలబడి చేయించుకుంటేనే బాగుంటుంది. ఫోన్లో ఆర్డరు చెప్పి, డబ్బులు కొట్టి, వచ్చింది తీసుకుందాం అనుకునేవాళ్లకు ఈ బొమ్మ అచ్చిరాదు. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను. ఇలాంటి ఇటలీ పెయింటింగులు పెద్ద సైజులో గోడకు పెట్టుకోవాలని మన వైపు చాలామందికి ఉంది గానీ, హైదరాబాద్ పోకుండా చేయించాలంటే ఏమడగాలి, ఎక్కడ గట్టిగా ఉండాలి అనేది చెప్పేవాళ్లు తక్కువ.

బొమ్మ పేరు ‘వెనిస్‌కు కానుకలిస్తున్న నెప్ట్యూన్’. వేసినాయన జాంబట్టిస్టా టియెపోలో, 1696లో వెనిస్‌లోనే పుట్టాడు, 1770లో మాడ్రిడ్‌లో పోయాడు. అసలుది 18వ శతాబ్దం నడుమ కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో వేసింది, 135 సెంటీమీటర్ల ఎత్తు, 275 సెంటీమీటర్ల వెడల్పు. వెనిస్‌లో డోజ్ ప్యాలెస్ అని వాళ్ల పాత ప్రభుత్వ భవనం ఉంది, అందులో నాలుగు తలుపుల గది అనే చోట ఉంటుంది. మేం తీయించుకున్నది 2 అడుగుల ఎత్తు, 4 అడుగుల 1 అంగుళం వెడల్పు. ప్రింటు, లోపలి చెక్క చట్రం, పైన పూసిన వార్నిష్, బయటి ఫ్రేము అన్నీ కలిపి 5,200 అయ్యింది.

ఈ బొమ్మే ఎందుకంటే మా గోడ అలాంటిది. గద్దె వెనక కింద చీరల అరలు, పైన అటక, మధ్యలో మిగిలింది పొడుగాటి పట్టీ లాంటి జాగా. మామూలు ఫొటో ఫ్రేము ఏది పెట్టినా అటూ ఇటూ బోసిగా ఉండేది. ఎత్తుకు రెండింతల వెడల్పున్న మంచి బొమ్మ వెతకడం చాలా కష్టం, ప్రకృతి దృశ్యాలు దొరుకుతాయి గానీ మనుషులున్న బొమ్మలు దొరకవు. పైగా అది వ్యాపారం చేసే చోటు, అక్కడ కూర్చునేవాళ్లకు సంబంధం ఉన్న బొమ్మ కావాలని మా అన్న పట్టు. వెనిస్ అంటే వ్యాపారం తప్ప ఇంకో పంట లేని ఊరు. పొలం లేదు, గని లేదు, ఉప్పునీళ్లలో చెక్క దుంగలు దిగ్గొట్టి కట్టుకున్న ఇళ్లు. అలాంటి ఊరు తనను తాను ఎలా చూసుకుందో ఈ ఒక్క బొమ్మలో ఉంది.

బొమ్మలో ముఖ్యులు ఇద్దరే. కుడివైపు ఒక స్త్రీ, పక్కకు ఒరిగి ఉంటుంది, తల మీద కిరీటం, భుజాల మీద తెల్లటి బొచ్చు కప్పు, ఒంటి మీద బరువైన జరీ బట్ట, ఒక చెయ్యి సింహం తల మీద. ఆమె మనిషి కాదు, వెనిస్ నగరమే. ఎడమవైపు నుంచి గడ్డపు ముసలాయన ఆమె వైపు వంగి ఉంటాడు, ఒంటి మీద బట్ట సరిగా లేదు, చర్మం ఎండకు కమిలి ఉంటుంది, దగ్గర త్రిశూలం. ఆయన సముద్రదేవుడు నెప్ట్యూన్. ఆయన పట్టుకున్న పెద్ద కొమ్ములోంచి బంగారు నాణేలు, ముత్యాలు, పగడాలు ఆమె ముందు కుప్పగా పడుతున్నాయి. అంతే. వెనక సముద్రం కూడా పెద్దగా కనిపించదు, ఆకాశమే.

ఊరిని, దేశాన్ని ఆడమనిషిగా చూపడం మనకేం కొత్త కాదు. తెలంగాణ తల్లి చేతిలో మొక్కజొన్న కంకి ఉంటుంది. 1905లో అవనీంద్రనాథ్ టాగూర్ వేసిన భారతమాత నాలుగు చేతుల్లో పుస్తకం, వరి కంకులు, తెల్లబట్ట, జపమాల ఉంటాయి. కొట్లలో పెట్టుకునే లక్ష్మీదేవి పటంలో అమ్మవారి అరచేతిలోంచే నాణేలు రాలుతుంటాయి. ఇవన్నీ ఇచ్చే తల్లులు. వెనిస్ మాత్రం తీసుకునే తల్లి! నాకు ఈ బొమ్మ మీద ఇష్టం పుట్టింది సరిగ్గా ఇక్కడే. ఆమె ముఖంలో కృతజ్ఞత లేదు, ఆశ్చర్యం లేదు, దేవుడే వచ్చి కాళ్ల దగ్గర బంగారం పోస్తుంటే లేచి కూర్చోవాలన్న తొందర కూడా లేదు. గద్దె మీద కూర్చుని సరుకు దింపించుకునే షావుకారు చూపు అది, లెక్క సరిపోయిందా లేదా అని చూసే చూపు. పాపం ఆ ముసలాయనే ఆమె ముఖంలోకి ఆత్రంగా చూస్తుంటాడు.

ఇప్పుడు షాపు సంగతి. పాలమూరు బస్టాండుకు కొంచెం దూరంలో ఉన్న ఫొటో ఫ్రేముల షాపు అది, పేరు రాయను, ఎందుకంటే ఇక్కడ నేను చెప్పే ఇబ్బంది ఆ ఒక్క షాపుది కాదు, అన్ని చోట్లా ఉండేదే. పనివాడు చేతి పని తెలిసినవాడు, మాట మంచిది. కానీ ఫైలు చూడగానే, “అక్కా, ఈ సైజు రాదు, రెండు మూడు సైజుల వేస్త, పక్కలు కొంచెం పోతయి, ఏం గాదు,” అన్నాడు. ఎత్తు 2 అడుగులు ఉంచి వెడల్పు 3 అడుగులు చేస్తే బొమ్మలో దాదాపు నాలుగో వంతు పోతుంది. స్క్రీన్ మీద చేసి చూపించాడు కూడా. ఆమె ముఖం, ఆయన గడ్డం, మధ్యలో బంగారం బాగానే ఉన్నాయి, సింహం మాత్రం సగం పోయింది.

సింహం పోతే ఇంకేం మిగిలింది? అది వెనిస్‌ను కాపాడే సాధువని వాళ్లు కొలిచే సెయింట్ మార్క్ సింహం, వెనిస్ జెండా మీద ఉండేది, వాళ్లు ఏలిన ప్రతి రేవులో రాతి మీద చెక్కించుకున్నది. ఆ సింహం ఉంది కాబట్టే ఆమె వెనిస్, లేకపోతే ఎవరో ఒక రాణి, ఎవరో ఒక ముసలాయన దగ్గర డబ్బు తీసుకుంటోంది, అంతకంటే అర్థం రాదు. ఇదే మాట నేను ఆ అబ్బాయికి చెప్పాను. “మీ ఇంట్ల పెండ్లి ఫొటోల తాళిబొట్టు కనవడకుండ కోస్తవా తమ్మీ?” అని మా అన్న అడిగాడు. అప్పుడు అర్థమైంది. చట్రం కర్రలు కొలిచి కోయడమే తప్ప అందులో కష్టమేమీ లేదు, కాన్వాస్ రోలు పొడుగ్గానే వస్తుంది, రెడీగా ఉన్న చట్రాలు అయిపోవాలని వాళ్లు ఆ సైజుల్లోకి నెడతారు. కాబట్టి మీరు పోయినప్పుడు మొదటి మాటే, ‘బొమ్మ అంచు నుంచి అంచు దాకా రావాలి, చట్రం కొత్తగా చేయండి’ అని చెప్పండి. మా దగ్గర దానికి వేరేగా డబ్బులు తీసుకోలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే. కాన్వాస్‌ను చట్రం చుట్టూ మడిచి వెనక పిన్నులు కొడతారు, ఆ మడతలోకి బొమ్మ అంచులు రెండు అంగుళాల దాకా పోతాయి. పోకూడదంటే బొమ్మ చుట్టూ ఖాళీ తెల్ల అంచు వదిలి ప్రింటు తీయమనాలి. బయటి ఫ్రేము ఎలాగూ వేస్తారు కాబట్టి ఆ తెలుపు కనిపించదు.

ఫైలు విషయంలో టెన్షన్ పడనక్కర్లేదు. చిత్రకారుడు పోయి రెండున్నర శతాబ్దాలైంది, కాపీరైటు గొడవ లేదు. కానీ పెద్ద ఫైలు వెతుక్కోవాలి. అంగుళానికి 150 చుక్కల లెక్కన 49 అంగుళాల వెడల్పుకు 7,350 పిక్సెల్స్ కావాలి. అంత దొరక్కపోతే 100 లెక్కన 4,900 ఉన్నా గోడ మీద పైన పెట్టేదానికి నడుస్తుంది, అంతకంటే తక్కువైతే ముఖాలు మైనం పూసినట్టు అవుతాయి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి.

రంగుల్లో బట్ట భాగం అద్భుతంగా వచ్చింది, ఈ మాట చీరలు అమ్ముకునే మనిషిగా చెబుతున్నాను. టియెపోలోకు ముందు, ఇంచుమించు రెండు వందల ఏళ్ల కిందట, వెనిస్‌లోనే వెరోనీస్ అనే చిత్రకారుడు పట్టు, జరీ వేయడంలో పేరు పొందాడు. టియెపోలో ఆయన దారిలో నడిచినవాడని అందరూ అంటారు, ఈ బట్ట చూస్తే నమ్మొచ్చు. జరీని పసుపు రంగుతో వేయలేదు ఆయన. వెలుగు తగిలిన చోట తెలుపుకు దగ్గర, మడత తిరిగే చోట తేనె రంగు, మడత లోపల గోధుమ, అక్కడక్కడ ఎరుపు కూడా. దూరం నుంచి చూస్తే అదంతా కలిసి బంగారం. ప్రింటులో ఈ తేడాలు నిలబడ్డాయి. మ్యాట్ కాన్వాస్ తీసుకోవడం దానికి ఒక కారణం, మెరుపు కాన్వాస్ మీద అన్నీ ఒకే పసుపుగా మెరిసి చచ్చిపోయేవి.

రాజోలి నుంచి చీరలు తెచ్చే నేత పెద్దాయన ఒకరున్నారు, మేం పెద్దయ్య అంటాం. మూట దింపి నీళ్లు కూడా తాగకుండా బొమ్మ కింద నిలబడి చూశాడు, బంగారాన్ని కాదు, దేవుణ్ణీ కాదు, ఆమె ఒడి మీద పడిన మడతను. “ఇదేం పట్టు బిడ్డా? మడత ఇట్ల నిలవడ్డదంటే దారం మంచి మందం ఉండాలె,” అన్నాడు. “బొమ్మనే గద పెద్దయ్యా, రంగుతోటి వేసిండు,” అన్నాను. “రంగుతోటి వేసినా, బట్ట పట్టి చూడకుండ వెయ్యలేడు,” అన్నాడు. తర్వాత మా అన్నతో లెక్కలో కూర్చున్నాక కూడా రెండుసార్లు తలెత్తి అటే చూశాడు. నా మటుకు ఈ ప్రింటుకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు. జన్మంతా కుట్టు అంచు గద్వాల నేసిన మనిషి, నూలు ఒంటికీ పట్టు అంచుకీ పోగు పోగు ముడేసే పని చేసినవాడు, బొమ్మలోని మడత బరువును నమ్మాడు.

వచ్చే ఆడవాళ్లందరూ అడిగేది భుజం మీద తెల్లటి కప్పు గురించి, అందులో నల్లటి మచ్చలేమిటని. అది ఎర్మిన్ అనే బొచ్చు. చలి దేశాల్లో ముంగిసలా సన్నగా ఉండే చిన్న జంతువు ఒకటుంది, చలికాలంలో ఒళ్లంతా తెల్లబడుతుంది, తోక కొన మాత్రం నల్లగానే ఉంటుంది. ఆ తోక కొనలే ఆ మచ్చలు. యూరప్‌లో అది రాజుల బట్ట. వెనిస్‌కు రాజు లేడు, డోజ్ అని జీవితకాలానికి ఎన్నుకున్న పెద్ద ఉండేవాడు, ఆయన కొలువు దుస్తుల్లో భుజాల మీద ఇదే ఎర్మిన్ కప్పు. అంటే పెద్దమనిషి వేసుకునే అధికారపు కప్పు ఇక్కడ ఊరే వేసుకుంది. రాజు లేని ఊరికి కిరీటం పెట్టి మహారాణిని చేశాడు టియెపోలో. నాకు ఇది చాలా నచ్చిన విషయం, అడిగిన ప్రతివాళ్లకూ చెబుతుంటాను, చీర మడతలు విప్పుతూనే.

బాగా రానిది నీడ భాగం. మొదట తీసిన ప్రింటులో సింహం జూలు, నెప్ట్యూన్ వెనక ముదురు రంగు ఉన్న చోటు అంతా ఒకటే నలుపు ముద్ద. ఆయన చర్మంలో గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ నీడలు ఉండాలి, అవేమీ లేవు. కంప్యూటర్ తెర వెలుగుతో చూపిస్తుంది, కాన్వాస్ సిరాను పీల్చుకుంటుంది, అందుకని తెర మీద కనిపించే నీడ కాన్వాస్ మీద ఒక మెట్టు చీకటవుతుంది. ఈ సంగతి షాపువాళ్లకు తెలుసు, కానీ పెళ్లి ఫొటోలకు అది పెద్దగా పట్టింపు కాదు కాబట్టి సరిచేయరు. మా ప్రింటు మళ్లీ తీయాల్సి వచ్చింది, తీశారు, మొదటి దానికి డబ్బులడగలేదు, ఆ నిజాయితీకి వాళ్లను మెచ్చుకోవాలి. మీరు మాత్రం ముందే సింహం తల ఉన్న చోటు ఒక జానెడు ముక్క కోరిన సైజులోనే టెస్ట్ ప్రింటు తీయమనండి. ఆ ముక్కలో జూలు వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే మిగతా బొమ్మ గురించి బెంగ లేదు, కనిపించకపోతే నీడలు కొంచెం తేల్చమనాలి. ఎక్కువ తేలిస్తే మళ్లీ ఆమె ముఖం పాలిపోతుంది, అక్కడ ఆపమనండి. రెండోసారి కూడా నెప్ట్యూన్ వీపు వైపు నేననుకున్నంత రాలేదు, ఒక స్టారు అక్కడే తగ్గించాను.

అసలు ఆ బంగారం ఎక్కడిది అనేది తెలిసి చూస్తే బొమ్మ ఇంకా బాగుంటుంది. వెనిస్ వాళ్ల ఓడలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా లాంటి రేవులకు పోయి మిరియాలు, దాల్చినచెక్క, పట్టు తెచ్చేవి, వాటిని తమ ఊళ్లోని రియాల్టో బజారులో ఉత్తర యూరప్ వర్తకులకు అమ్మేవాళ్లు. ఆ మిరియాలు మన మలబారువే, అరబ్బు వర్తకుల చేతుల మీదుగా పోయినవి. 1284లో మొదలుపెట్టి వాళ్లు దుకాతు అనే బంగారు నాణెం వేశారు, మూడున్నర గ్రాముల బరువు, దాదాపు మేలిమి బంగారం. గణతంత్రం ఉన్నంతకాలం, అంటే 500 ఏళ్లకు పైగా, ఆ బరువూ ఆ మేలిమీ మార్చలేదు. అందుకే ఎక్కడైనా చెల్లేది, కేరళలో కూడా వెనిస్ నాణేలు వాడుకలో ఉండేవి. నెప్ట్యూన్ కొమ్ములోంచి పడేవాటి మీద ముద్ర చదివేంత వివరం బొమ్మలో లేదు గానీ, వెనిస్ మనిషి బంగారు నాణెం వేస్తూ మనసులో ఇంకేది అనుకుంటాడు? పగడం సంగతి కూడా అంతే, మధ్యధరా సముద్రపు ఎర్ర పగడాన్ని మన దేశం ఎంతోకాలం కొనుక్కుంది. ఆమె ఒడిలో పడుతున్నవాటిలో సముద్రం ఇచ్చింది కొంత, మనలాంటి దేశాల నుంచి వచ్చింది చాలా.

మన తెలుగు నేల కూడా ఈ లెక్కలో ఉంది. మార్కో పోలో వెనిస్ వర్తకుల బిడ్డే. 1295లో ఇంటికి తిరిగి వెళ్లే ముందు మన తీరం గుండా వచ్చాడు, మోటుపల్లి రాజ్యం గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత పలచటి బట్ట గురించి చెప్పాడు, రాజ్యమేలే రాణిని పొగిడాడు, ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. అంతకు ముందే 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునే కాలం అది, మేం సుంకం తప్ప ఏమీ ముట్టుకోం అని రాతి మీద చెక్కించి మాటిచ్చాడు. మన పాలమూరు వైపు వర్ధమానపురం ఏలిన గోన వంశంవాళ్లు ఆ కాకతీయుల సామంతులే. ఇవన్నీ తెలిశాక ఆమెను పరాయి దేశపు రాణి అని నేను అనుకోలేకపోతున్నాను, పాత ఖాతాదారు అని అనిపిస్తుంది. నేత బట్ట గురించి అంత గొప్పగా చెప్పిన మార్కో పోలో ఊరి బొమ్మ, నేత బట్టలమ్మే కొట్టులో ఉండటం నాకు సంతోషం.

కానీ బొమ్మ వేసే నాటికి ఆ వైభవం ఏమాత్రం మిగిలింది? 1498లో వాస్కో డ గామా ఆఫ్రికా చుట్టూ తిరిగి కాలికట్ చేరాడు, తర్వాత పోర్చుగీసువాళ్లు, ఆపైన డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు సరుకును సముద్రం మీదుగా నేరుగా తమ రేవులకే పట్టుకుపోయారు. టియెపోలో నాటికి వెనిస్ అంటే పండగలు, ముసుగుల వేడుకలు చూడ్డానికి యూరప్ ధనికులు వచ్చే ఊరు. చిత్రకారుడు కూడా 1750 నుంచి 1753 దాకా జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఒక బిషప్పు రాజభవనానికి పైకప్పు చిత్రాలు వేశాడు, 1762లో స్పెయిన్ రాజు పిలిస్తే మాడ్రిడ్ పోయి మళ్లీ తిరిగి రాలేదు. ఈ బొమ్మ వేశాక అరవై ఏళ్లు తిరక్కుండానే, 1797 మే 12న, నెపోలియన్ సైన్యం ముంగిట ఉండగా వెనిస్ గణతంత్రం తనను తాను రద్దు చేసుకుంది. అంటే రాబడి పోయిన ఊరు, రాబడి వస్తూనే ఉన్నట్టు గోడ మీద వేయించుకున్న బొమ్మ ఇది. నేను దీన్ని గొప్పలు అనను. దిగిపోతున్న కాలంలో కూడా పాత హోదాను గుర్తు పెట్టుకోవాలనే పట్టుదల అందులో ఉంది, కొంచెం బాధ కూడా ఉంది. ఆ ముసలాయన అలసిపోయినట్టు కనిపించడం ఊరికే కాదనిపిస్తుంది నాకు.

మా వదినకు మాత్రం బొమ్మలో ఒక్క విషయం ఒప్పుదల కాదు, అది రాయకపోతే రివ్యూ పూర్తికాదు. ఆమె పుట్టిల్లు రాజోలి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆ ఊరిని ముంచింది, ఇళ్లు పోయాయి, మగ్గాలు పోయాయి, మగ్గం మీద సగం నేసిన చీరలు పోయాయి. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డవాళ్లకు నీళ్లు ఎవరి మాటా వినవని తెలుసు. “నీళ్ల దేవుడు వచ్చి మన కాళ్ల కాడ వంగుతడా? ఎవలు జూసిండ్రు?” అంటుంది. ఆమె మాట నిజమే. వెనిస్‌లోనే 1966 నవంబరు 4న నీళ్లు 194 సెంటీమీటర్లు లేచాయి, 2019 నవంబరులో మళ్లీ 187 దాకా వచ్చాయి, ఇప్పుడు సముద్రాన్ని ఆపడానికి నీళ్లు లోపలికొచ్చే దారుల దగ్గర 78 ఇనుప తలుపులు పెట్టుకున్నారు, 2020 అక్టోబరులో మొదటిసారి నిజమైన పోటుకు లేపారు. సముద్రం తమదని చెప్పుకోవడానికి వాళ్ల డోజ్ ఏటా బంగారు పూత పడవలో వెళ్లి నీళ్లలోకి ఉంగరం వేసి సముద్రాన్ని పెళ్లి చేసుకునేవాడు. ఆ నమ్మకమే ఈ బొమ్మ. నమ్మకం తప్పని తెలిసినా బొమ్మ బలం తగ్గలేదు, వదిన కూడా తీసేయమని అనలేదు, బొమ్మ కింద కూర్చునే లెక్కలు రాస్తుంది.

ఫ్రేము గురించి కొంచెం. వాళ్లు గ్లాసు వేయాలని పట్టుబడతారు, వేయించకండి. కాన్వాస్ ప్రింటుకు గ్లాసు అక్కర్లేదు, ట్యూబులైటు అందులో పడి బొమ్మ కనిపించదు, బరువు కూడా. పైన వార్నిష్ పూస్తే తడిబట్టతో కాదు గానీ పొడిబట్టతో తుడుచుకోవచ్చు. ఫ్రేము పట్టీ మేం ముదురు చెక్క రంగు, లోపలి అంచు సన్నటి పాత బంగారు గీత ఉన్నది తీసుకున్నాం. షాపువాళ్లు చూపించిన మెరిసే బంగారు రంగు పూల పట్టీ పెడితే జరీ బట్ట పక్కన జరీ అంచు పెట్టినట్టయ్యి రెండూ చెడేవి. మూలల దగ్గర రెండు పట్టీలు కలిసే చోట ఒక పక్క సన్నటి సందు ఉంది, రంగు మైనంతో పూడ్చారు, దగ్గరికి పోతే తెలుస్తుంది, ఇది పనితనంలో లోపమే. చట్రం కర్ర పచ్చిదైతే వానాకాలంలో వంకర పోతుంది, అడిగి ఎండిన కర్రే వేయించుకోండి, మూలల్లో బిగించే చిన్న చెక్క ముక్కలు కూడా పెట్టించుకోండి, కాన్వాస్ సడలితే వాటిని కొడితే మళ్లీ బిగుస్తుంది.

వేలాడదీసే ఎత్తు గురించి ఒక మంచి సంగతి. వెనిస్‌లో ఈ బొమ్మను మొదట పెట్టింది గోడ మీద ఎత్తులో, కిటికీల పైన. ఇప్పుడు చూసేవాళ్ల సౌకర్యం కోసం దించి స్టాండు మీద ఎదురుగా పెట్టారు. అంటే కింద నుంచి తలెత్తి చూడటానికే టియెపోలో వేశాడు. మా కొట్టులో గద్దె మీద పరుపు వేసుకుని కింద కూర్చుంటారు, బొమ్మ అరల పైన ఉంటుంది, సరిగ్గా కుదిరింది. ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు, సిరా వెలిసిపోతుంది.

తేవడం సులువే. అట్టలు, బబుల్ కవరు చుట్టి ఇచ్చారు, గద్వాల బస్సులో డ్రైవరు వెనక నిలబెట్టి తెచ్చుకున్నాం, గీత పడలేదు.

మొత్తం మీద అయిదుకు నాలుగు స్టార్లు. నెప్ట్యూన్ వీపు దగ్గర చీకటికి ఒకటి తగ్గింది, మూల సందును ఆ ధరకు సర్దుకోవచ్చు. ఇదే సైజు ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కచోట కూడా బొమ్మ మొత్తం ఇవ్వడం లేదు, అందరూ సింహాన్ని కోసేవాళ్లే, కాబట్టి ప్రయాణం చేసైనా ఎదురుగా చేయించుకోమంటాను. బట్టల కొట్లు, బంగారం షాపులు, మిర్యాలగూడ వైపు రైసు మిల్లు ఆఫీసులు, పొడుగు గోడ ఉన్న ఎవరికైనా పనికొస్తుంది. చిన్న గదికి, మూడు అడుగుల కంటే తక్కువ వెడల్పులో మాత్రం వద్దు, మధ్యలో పడే నాణేలు చుక్కలైపోతాయి.

మెట్ల దగ్గర సన్నటి నిలువు గోడ ఒకటి ఖాళీగా ఉంది, దానికి వెరోనీస్ వేసిన ‘వెనిస్ మీద కానుకలు కుమ్మరిస్తున్న జూనో’ అనుకుంటున్నాం. అది డోజ్ ప్యాలెస్‌లోనే పైకప్పులో ఉండే బొమ్మ, 365 సెంటీమీటర్ల పొడవు, 147 వెడల్పు, 1797లో ఫ్రెంచివాళ్లు ఊడదీసుకుపోతే 1920లో వెనిస్‌కు తిరిగొచ్చింది. అందులో ఆకాశం నుంచి దేవతే కిరీటాలు, నగలు కిందికి పోస్తుంటుంది, వెనిస్ తలెత్తి చూస్తుంటుంది. ఫైలు దొరికింది, షాపులో అడిగాం, నిలువుగా అయిదడుగులు వేస్తామన్నారు, చట్రం మధ్యలో ఒక అడ్డకర్ర ఎక్కువ పెట్టాలట. దసరా సీజను అయ్యాక చేయిస్తాం, అదెలా వచ్చిందో కూడా రాస్తాను.